బరంపురం అంటే ఏ బరంపురం? సరిహద్దు ఊళ్ళ చిన్న వ్యాపారాన్ని ఆన్‌లైన్‌లో నిలబెట్టే పద్ధతి

మూడేళ్ళ క్రితం హైదరాబాదులో ఉండే ఒకావిడ, ఒడిశాలోని బరంపురంలో ఉన్న మా బంధువుల దుకాణం నుంచి తెప్పించుకున్న పట్టుచీరను, అంచు దగ్గర నేత లోపం ఉందని తిరిగి పంపించారు. ఆ పార్సెలు పదకొండు రోజులు ఎక్కడెక్కడో తిరిగి, చివరకు పశ్చిమ బెంగాల్‌లో ముర్షిదాబాద్ జిల్లా కేంద్రమైన బహరంపూర్‌లో తేలింది. మా వాళ్ళు తమ ఫేస్‌బుక్ పేజీలో ఊరి పేరు ఒక్కటే ఇంగ్లీషులో పెట్టి, రాష్ట్రాన్నీ పిన్‌కోడ్‌నూ వదిలేశారు. ఆవిడ దానినే చూసి రాశారు, పార్సెలు తీసుకున్న కుర్రవాడు ఫోనులో వెతికి మొదట కనిపించిన 742101 వేసేశాడు. మన బరంపురం పిన్‌కోడ్ 760001. పొరపాటు ఎవరిదని వెతుక్కుంటూ పోతే అది మా పేజీ దగ్గరే మొదలైంది.

ఆంధ్రను ఆనుకుని ఉన్న ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాలలో ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, సరుకు తెచ్చే వ్యాపారితో హిందీ మాట్లాడుతూ బతికే మన చిన్న వ్యాపారులు, ఆన్‌లైన్‌లోకి రావడమంటే ఇన్‌స్టాగ్రామ్‌లో రీళ్ళు పెట్టడమనే అనుకుంటారు. నేను చూసినంతవరకు అది నాలుగో మెట్టో ఐదో మెట్టో అవుతుంది. మన వస్తువును కొనాలని ముందే నిశ్చయించుకున్న మనిషికి మనం దొరకకపోవడమే మొదటి నష్టం. సరిహద్దు ఊళ్ళలో ఈ నష్టం ఇతర చోట్ల కంటే ఎక్కువ, ఎందుకంటే మన ఊళ్ళ పేర్లకు ఒకటికి మించిన రూపాలున్నాయి, మన వస్తువులకు రెండేసి పేర్లున్నాయి, మన కొనుగోలుదారులు రెండు రాష్ట్రాలలో ఉన్నారు. అందువల్ల ఈ వ్యాసంలో పేరు, ఊరు, భాష అనే మూడింటి మీద ఎక్కువసేపు ఆగుతాను. ప్రకటనల సంగతి చివరకు వస్తుంది.

ఊరి పేరుతో మొదలుపెట్టాలి

తెలుగువారు బరంపురం అంటారు, ఇంగ్లీషులో బెర్హంపూర్ అని రాస్తారు, రైల్వే స్టేషను బోర్డు మీద బ్రహ్మపూర్ అని ఉంటుంది. పర్లాకిమిడిని ప్రభుత్వ కాగితాలలో పారలాఖెముండి అంటారు, పాత ఇంగ్లీషు రాతలలో పర్లాకిమెడి అని కనిపిస్తుంది. కొరాపుట్ జిల్లాలోని జయపురానికి ఇంగ్లీషు అక్షరక్రమం వేరే అయినా, పలికేటప్పుడు రాజస్థాన్ జైపూర్‌తో కలిసిపోతుంది, పైగా ఒడిశాలోనే జాజ్‌పూర్ అనే మరో జిల్లా ఉంది. రాయగడ పరిస్థితి ఇంకా చిక్కు. జిల్లా కేంద్రమైన రాయగడ ఒకటి, గజపతి జిల్లాలో అదే పేరుతో ఒక బ్లాకు, ఛత్తీస్‌గఢ్‌లో రాయ్‌గఢ్, మహారాష్ట్రలో రాయ్‌గడ్.

దీనికి చేయవలసిన పని చిన్నదే గాని ఓపికగా చేయాలి. ఒక కాగితం మీద మీ దుకాణం పేరు, ఊరి పేరుకు ఉన్న అన్ని రూపాలు, వీధి, దగ్గరలో అందరికీ తెలిసిన గుర్తు, జిల్లా, రాష్ట్రం, పిన్‌కోడ్, ఫోను నంబరు రాసుకోండి. వాటిలో ఒక రూపాన్ని అధికారికమైనదిగా ఎంచుకోండి. సాధారణంగా మీ బ్యాంకు ఖాతాలోనూ, జీఎస్‌టీ లేదా ఆహార భద్రత కాగితంలోనూ ఉన్న రూపమే దీనికి తగినది. గూగుల్ మ్యాప్స్, వాట్సాప్, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, బిల్లు పుస్తకం, పార్సెలు మీద అతికించే చీటీ అన్నిటిలోనూ ఆ ఒక్క రూపమే, అక్షరం తేడా లేకుండా, వాడండి. మిగిలిన రూపాలను పారేయకూడదు. దుకాణం గురించి రాసే పరిచయ వాక్యాలలో వాటిని సహజంగా కలపాలి. 'పర్లాకిమిడి, అంటే నేటి పారలాఖెముండిలో, పాతపట్నం వైపు నుంచి మహేంద్రతనయ నది దాటి రాగానే మా దుకాణం' అని ఒక్క వాక్యం రాస్తే, శ్రీకాకుళం వైపు మనిషి ఏ పేరుతో వెతికినా భువనేశ్వర్ మనిషి ఏ పేరుతో వెతికినా అది వారికి తగులుతుంది.

పిన్‌కోడ్ గురించి ఒక చిన్న కిటుకు. ఒడిశా పిన్‌కోడ్‌లు 75, 76, 77 అంకెలతో మొదలవుతాయి. ఆర్డరు పెట్టినవారికి తిరుగు చిరునామా పంపేటప్పుడు 'మా పిన్‌కోడ్ 76తో మొదలవుతుంది, లేకపోతే అది మా ఊరు కాదు' అని చెప్పడం మా వాళ్ళు ఆ పార్సెలు తరువాత అలవాటు చేసుకున్నారు.

పటం మీద దుకాణం

గూగుల్ వ్యాపార ప్రొఫైలు ఉచితం. ఫోనులో గూగుల్ మ్యాప్స్ తెరిచి, మీ వ్యాపారాన్ని చేర్చి, అది మీదేనని రుజువు చేయాలి. ఇప్పుడు ఎక్కువగా వీడియో ద్వారానే రుజువు అడుగుతున్నారు. వీధిని, దుకాణం బోర్డును, లోపల మీరు తాళం తీయడమో, గల్లాపెట్టె దగ్గర కూర్చోవడమో కనిపించేటట్టు, ఎక్కడా ఆపకుండా ఒకే వీడియో తీయాలి. బోర్డు మీద ఒక పేరు, ప్రొఫైలులో మరో పేరు ఉంటే అక్కడే చిక్కుకుంటారు. పేరు గడిలో 'శ్రీ లక్ష్మీ స్టోర్స్ బెస్ట్ పట్టుచీరలు బరంపురం చవక ధరలు' అని గుప్పించమని సలహా ఇచ్చేవారు మన ఊళ్ళలో చాలామంది ఉన్నారు. వారి మాట వినకండి, అది నియమాలకు విరుద్ధం, ప్రొఫైలునే నిలిపివేసే ప్రమాదం ఉంది. ఇంటి దగ్గరే అప్పడాలు ఒత్తి అమ్మే ఆడవారు తమ ఇంటి చిరునామా అందరికీ కనిపించకూడదనుకుంటే దానిని దాచి, సరుకు అందించే ప్రాంతాలను మాత్రం చూపించే వీలు అందులో ఉంది.

దుకాణం మూసే రోజులు నిజంగా రాయండి. పటం మీద 'తెరిచి ఉంది' అని చూసి టెక్కలి నుంచి బస్సెక్కి వచ్చి, మూసి ఉన్న తలుపు చూసి తిరిగి వెళ్ళినవాడు మళ్ళీ రాడు.

సమీక్షలు అడగడానికి మొహమాటపడనక్కర్లేదు. బాగుందని నోటితో చెప్పినవారిని, ఆ మాటే అక్కడ రాయమని కోరవచ్చు. కాని సమీక్ష రాస్తే పది శాతం తగ్గిస్తామనడం నిషిద్ధం. చెడ్డ సమీక్ష వస్తే ఆ పూట జవాబు రాయకుండా, మర్నాడు ఉదయం మూడు వాక్యాలలో రాయండి. జరిగినది ఒప్పుకోవడం ఒకటి, చేయబోయేది ఒకటి, ఫోను నంబరు ఒకటి. సమీక్ష ఒడియాలో ఉంటే జవాబు కూడా ఒడియాలోనే ఉండాలి.

ఏ భాషలో రాయాలి?

వ్యావహారిక భాష కోసం జీవితకాలం వాదించిన గిడుగు వెంకట రామమూర్తి గారు ఉపాధ్యాయులుగా పనిచేసింది పర్లాకిమిడిలోనే. సవర భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేసిందీ ఈ ప్రాంతంలో ఉండగానే. జనం మాట్లాడే మాటనే కాగితం మీద పెట్టాలన్న ఆయన పట్టుదల, ఇవాళ దుకాణం పేజీలో రెండు వాక్యాలు రాసుకునేవాడికి కూడా సరిగ్గా పనికివస్తుంది. 'నాణ్యమైన ఉత్పత్తులను వినియోగదారులకు అందించుటయే మా ధ్యేయం' అని రాసిన పేజీలో ఏం అమ్ముతారో చదివినవారికి తెలియదు. 'రోలులో దంచిన కారంతో పెట్టిన మాగాయ, అరకిలో, కిలో సీసాలలో' అంటే వెంటనే తెలుస్తుంది, వెతికినవారికీ అదే మాట దొరుకుతుంది.

మన ప్రాంతంలో ఒకే పోస్టును నాలుగు భాషలలో రాయబోయి ఏ భాషలోనూ సరిగా రాయలేకపోయినవారిని చూశాను. నేను చెప్పేది వేరు. ముందు మీ ఆర్డర్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో నెల రోజులు లెక్క రాయండి. శ్రీకాకుళం, విశాఖపట్నం, హైదరాబాదుల నుంచి ఎక్కువ వస్తుంటే తెలుగు ముందు, దాని కింద రెండు వరుసల ఒడియా. దుకాణానికి నడిచి వచ్చేవారే ఎక్కువైతే ఒడియా ముందు, తెలుగు తరువాత. వస్తువు పేరును మాత్రం ప్రతిసారీ రెండు భాషలలోనూ రాయాలి. మన అప్పడం వారికి పాంపడ, మన వడియం వారికి బొడి, ఊరగాయ ఆచార. దీనికి తోడు మరొక సంగతి: ఫోనులో తెలుగు అక్షరాలు కొట్టడం అలవాటులేనివారు 'ఆవకాయ' అనే మాటను ఇంగ్లీషు అక్షరాలతోనే వెతుకుతారు. అందుచేత వస్తువు వివరంలో ఒక్కచోట ఇంగ్లీషు అక్షరాలలో కూడా ఆ పేరు ఉండాలి.

యంత్రం చేసిన అనువాదాన్ని యథాతథంగా పెట్టవద్దు. ఒడియా చదవగలిగిన పక్కింటి కాలేజీ పిల్లచేత ఒకసారి చదివించుకోండి. తెలుగు పద్ధతిలో మనం 'మీరు' అన్నచోట ఒడియాలో 'ఆపణ' అనాలి, 'తుమె' అంటే చనువు ఎక్కువవుతుంది. ఈ తేడా యంత్రానికి ఎప్పుడూ తెలుస్తుందని అనుకోలేం. పెద్దవాళ్ళకు మాత్రం చురుక్కుమంటుంది.

వాట్సాప్‌లో కొట్టు తెరవడం

మన దగ్గర అసలు బేరం నడిచేది వాట్సాప్‌లోనే. మామూలు వాట్సాప్ కాకుండా వ్యాపారులకోసం ఉన్న వాట్సాప్ బిజినెస్ ఆప్ వేసుకోండి, దానికి కుటుంబ నంబరు కాకుండా వేరే సిమ్ కేటాయించండి. అందులో కేటలాగు ఉంటుంది. ప్రతి వస్తువుకూ బొమ్మ, పేరు, ధర, రెండు వాక్యాల వివరం పెట్టవచ్చు.

ధర తప్పకుండా పెట్టాలి. 'రేటెంతండీ' అని ఒకరు, 'దామ్ కెతే' అని మరొకరు అడిగితే 'ఇన్‌బాక్స్ చూడండి' అని జవాబిచ్చే అలవాటు మన వ్యాపారులలో బాగా పాతుకుపోయింది. ధర చూస్తే పోటీదారు తగ్గించేస్తాడని భయం. పోటీదారుకు మీ ధర ఎలాగూ తెలుసు, తెలియనిది కొనేవాడికే. నేత చీరల వంటి వాటికి ఒకే ధర ఉండదు కాబట్టి 'ఇంత నుంచి ఇంత వరకు, జరీని బట్టి' అని చెప్పవచ్చు.

పదేపదే వచ్చే ప్రశ్నలకు జవాబులను ముందే రాసి దాచుకునే వీలు ఆ ఆప్‌లో ఉంది. పార్సెలు ఖర్చు, ఎన్ని రోజులు పడుతుంది, తిరిగి పంపితే ఏమిటి, వెల్లుల్లి లేనిది ఉందా అనే నాలుగింటికి తెలుగులో ఒకటి, ఒడియాలో ఒకటి చొప్పున ఎనిమిది జవాబులు సిద్ధంగా ఉంచుకుంటే రోజుకు గంట మిగులుతుంది. ఒకేసారి చాలామందికి కబురు పంపే ప్రసార జాబితాలో, మీ నంబరును తమ ఫోనులో భద్రపరచుకున్నవారికి మాత్రమే కబురు చేరుతుంది. అందువల్ల ప్రతి పార్సెలులోనూ 'ఈ నంబరును దుకాణం పేరుతో సేవ్ చేసుకోండి, కొత్త సరుకు రాగానే చెబుతాం' అని చిన్న చీటీ పెట్టడం, వెయ్యి మంది తెలియనివారికి కబుర్లు పంపడం కంటే మేలు. తెలియనివారికి గుంపుగా పంపితే వారు ఫిర్యాదు చేస్తారు, నంబరే మూతపడుతుంది.

డబ్బు విషయంలో ఇంట్లో పెద్దవాళ్ళకు కూడా ఒక మాట గట్టిగా చెప్పి ఉంచండి. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ కొట్టనక్కర్లేదు. పెద్ద ఆర్డరు ఇస్తామని, ముందుగా డబ్బు పంపుతున్నామని చెప్పి క్యూఆర్ కోడ్ పంపి పిన్ కొట్టమనేవాడు దొంగ. మోసం జరిగితే వెంటనే సైబరు మోసాల సహాయ నంబరు 1930కి ఫోను చేయాలి. వాట్సాప్‌లో రెండంచెల రక్షణ పెట్టుకోవడం, వచ్చిన ఆరంకెల కోడును ఎవరికీ చెప్పకపోవడం కూడా ఇందులో భాగమే.

అద్దె కొంప, సొంత కొంప

2020 జూన్ 29న టిక్‌టాక్‌ను ప్రభుత్వం నిషేధించినప్పుడు, అందులో పేరు తెచ్చుకున్నవారందరికీ ఒక్క రాత్రిలో వేదిక పోయింది. గూగుల్ వ్యాపార ప్రొఫైలుతో పాటు ఉచితంగా ఇచ్చిన చిన్న వెబ్‌సైట్లు 2024 మార్చిలో ఆగిపోయాయి. ఎంత పెద్ద కంపెనీదైనా ఇతరుల స్థలంలో కట్టిన ఇల్లు అద్దె ఇల్లే. అందుకని అక్కడ ఉండవద్దని కాదు, ఇంటి తాళాలు మాత్రం మన దగ్గర ఉండాలి. డాట్ ఇన్‌తో ముగిసే సొంత డొమైను, అంటే మీ పేరుతో ఉండే వెబ్ చిరునామా, సాధారణంగా ఏడాదికి వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. తెలుగు లిపిలోనే డాట్ భారత్ డొమైను కూడా తీసుకోవచ్చు. చూడముచ్చటగా ఉంటుంది గాని, ఫోనులో తెలుగు కొట్టలేనివారి కోసం డాట్ ఇన్ కూడా ఉండాలి కాబట్టి, ఒక్కటే తీసుకోగలిగితే డాట్ ఇన్ తీసుకోండి. ఆ డొమైనులో మొదట ఒకే పేజీ చాలు. ఎవరు మీరు, ఏం అమ్ముతారు, ఎక్కడ ఉన్నారు, వాట్సాప్ లింకు, తిరిగి తీసుకునే నియమం. సొంత సైటులో నేరుగా అమ్మడం మొదలుపెడితే 2020లో వచ్చిన ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నియమాలు వర్తిస్తాయి. పూర్తి పేరు, చిరునామా, ఫిర్యాదులు వినే మనిషి పేరు పెట్టాలి, ఫిర్యాదు అందినట్టు 48 గంటలలో చెప్పాలి, నెలలో తేల్చాలి.

తాళాల సంగతి అన్నానుగా. మా బంధువుల మొదటి ఫేస్‌బుక్ పేజీని ఒక కుర్రవాడు తన సొంత ఖాతా నుంచి తయారుచేశాడు. తరువాత అతను వేరే ఊరికి ఉద్యోగానికి వెళ్ళాడు, పాస్‌వర్డు మరిచిపోయాడు, రెండువేల మంది చూసే పేజీ అలా పాత ఫోను నంబరుతో అనాథగా ఉండిపోయింది. కొత్త పేజీ పెట్టుకుని ఏడాది కష్టపడ్డారు. పని ఎవరిచేత చేయించుకున్నా, డొమైను, పేజీ, ప్రకటనల ఖాతా మూడూ యజమాని ఈమెయిలుతో, యజమాని ఫోనుతో నమోదు కావాలి. పనిచేసేవారికి వేరుగా అనుమతి ఇచ్చి, పని అయిపోగానే తీసేయాలి.

బొమ్మలు, రీళ్ళు, రెండు పంచాంగాలు

పట్టుచీరను ట్యూబులైటు కింద ఫొటో తీయకూడదు. ఉదయం పూట నీడగా ఉన్న వసారాలో, నేరుగా ఎండ పడకుండా తీస్తే రంగు నిజానికి దగ్గరగా వస్తుంది. చీర మొత్తం ఒకటి, పమిట ఒకటి, అంచు దగ్గరగా ఒకటి, వెనకవైపు నేత ఒకటి చాలు. వెనకవైపు చూపించడం నేసినవాడికి ధైర్యం, కొనేవాడికి నమ్మకం. రంగును మాటల్లో కూడా చెప్పండి. వంకాయ రంగు, నెమలికంఠం రంగు, మామిడి చిగురు రంగు అంటే ఫోను తెర ఎలా చూపించినా మన ఆడవాళ్ళకు అర్థమవుతుంది. బరంపురం పట్టుకు ఫోడా కుంభ అనే గుడి నమూనా అంచు గుర్తు, దానికి భౌగోళిక గుర్తింపు (జీఐ) కూడా ఉంది. అయితే ఆ గుర్తింపు ముద్రను వాడుకునే హక్కు, అధీకృత వినియోగదారులుగా నమోదైనవారికే ఉంటుంది. నమోదు కాకుండా ముద్ర వేసుకుంటే చిక్కులు వస్తాయి. ముద్ర లేకపోయినా మగ్గం శబ్దంతో తీసిన ముప్పై సెకన్ల వీడియోకు విలువ ఉంది. అందులో సినిమా పాట పెట్టకండి, మగ్గం చప్పుడే వినిపించనివ్వండి.

డబ్బు తీసుకుని పొగిడే రీళ్ళవాళ్ళ గురించి ఎక్కువ చెప్పను. ఇచ్చినది డబ్బయినా ఉచితంగా చీరైనా, అది ప్రకటన అని ఆ వీడియోలోనే స్పష్టంగా చెప్పించాలి.

ఎప్పుడు ఏం పెట్టాలన్నదే సరిహద్దువారికి అసలైన విద్య, ఎందుకంటే మనకు రెండు పంచాంగాలు. కార్తీకాన్నే తీసుకోండి. ఒడియావారి కార్తీక వ్రతం కుమార పూర్ణిమ, అంటే ఆశ్వయుజ పున్నమి, మర్నాడు మొదలై కార్తీక పూర్ణిమతో ముగుస్తుంది. అందులో చివరి ఐదు రోజులను పంచుక అంటారు, ఏడాది పొడవునా చేపలు తినేవారు కూడా ఆ అయిదు రోజులు ముట్టరు. మన కార్తీకం దీపావళి మర్నాడు మొదలవుతుంది. అంటే ఉల్లి, వెల్లుల్లి లేని ఊరగాయ గురించి దీపావళి తరువాత పోస్టు పెట్టే వ్యాపారి, ఒడియా కొనుగోలుదారుల విషయంలో ఒక పక్షం ఆలస్యమైపోయాడు. పున్నమి తరువాత కూడా మనవారి కోసం మరో పక్షం కొనసాగించవచ్చు. ఉగాది, ఏప్రిల్ 14 ప్రాంతంలో వచ్చే ఒడియావారి కొత్త సంవత్సరం పణా సంక్రాంతి, జూన్ మధ్యలో మూడు రోజుల రజ పండుగ, అప్పుడు ఆడపిల్లలకు కొనే కొత్త బట్టలు, రెండేళ్ళకొకసారి చైత్రంలో బరంపురంలో జరిగే ఠాకురాణి యాత్ర, రెండు వైపులా ఇంట్లో లక్ష్మిని కొలిచే మార్గశిర గురువారాలు: వీటిని గోడ క్యాలెండరు మీద గుర్తుపెట్టుకుని, ప్రతిదానికీ కనీసం మూడు వారాల ముందు బొమ్మలు సిద్ధం చేసుకోవాలి. నేసేవాడికి, ఊరగాయ పెట్టేవాడికి, పార్సెలు తీసుకెళ్ళేవాడికి తలా ఒక వారం పడుతుందని వేసుకుంటే ఆ మూడు వారాలూ ఖర్చవుతాయి.

నది దాటితే పన్ను మారుతుంది

పర్లాకిమిడి నుంచి పాతపట్నానికి మనుషులు ఏమీ ఆలోచించకుండా వెళ్ళివస్తారు. సరుకు మాత్రం ఆ వంతెన దాటగానే అంతర్రాష్ట్ర అమ్మకం అవుతుంది. చిన్న వ్యాపారుల చేత ఆన్‌లైన్ అమ్మకాలు మొదలుపెట్టించేవారు చాలామంది ఈ సంగతి చెప్పరు. ఒడిశాలో వస్తువులు అమ్మేవారికి ఏడాదికి 40 లక్షల రూపాయల టర్నోవరు వరకు జీఎస్‌టీ నమోదు అక్కర్లేదన్న మాట నిజమే, కాని అది రాష్ట్రం లోపలి అమ్మకాలకు. పన్ను పడే వస్తువును మరో రాష్ట్రానికి పంపితే, మొత్తం ఎంత చిన్నదైనా, సాధారణంగా నమోదు తప్పనిసరి. మొత్తం అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను కట్టే కాంపోజిషన్ పద్ధతిలో ఉన్నవారు అసలు వేరే రాష్ట్రానికి వస్తువులు అమ్మకూడదు. పెద్ద ఆన్‌లైన్ అంగళ్ళ ద్వారా నమోదు లేని చిన్నవారు అమ్ముకునే వీలు 2023 అక్టోబరు 1 నుంచి వచ్చింది, అదీ సొంత రాష్ట్రం లోపలికే.

ఇందులో మనకు అనుకూలమైనవి కూడా ఉన్నాయి. అప్పడాల మీద జీఎస్‌టీ లేదు. పన్ను లేని వస్తువులు మాత్రమే అమ్మేవారికి నమోదు అవసరం ఉండదు కాబట్టి, అప్పడాలొక్కటే అమ్మే ఇల్లాలు విజయనగరానికి కూడా నిశ్చింతగా పంపుకోవచ్చు. అదే పేజీలో రేపు ఆవకాయ సీసా కూడా చేర్చిందంటే కథ మారిపోతుంది, ఊరగాయ మీద పన్ను ఉంది. ప్రభుత్వం ప్రకటించిన జాబితాలోని చేనేత, హస్తకళా వస్తువులకు అంతర్రాష్ట్ర అమ్మకాలలో పరిమితి వరకు మినహాయింపు ఉంది, దానికి కొన్ని షరతులున్నాయి. కేటలాగులో కొత్త వస్తువు చేర్చే ముందు ఆడిటరుకు ఒక్క ఫోను చేయడం నయం.

తినే వస్తువు ఏదైనా ఆహార భద్రతా సంస్థ దగ్గర నమోదై, ఆ 14 అంకెల సంఖ్యను ప్యాకెట్టు మీదా కేటలాగులోనూ చూపించాలి. ప్యాకెట్టు మీద నికర బరువు, గరిష్ఠ చిల్లర ధర, తయారీ తేదీ, తయారీదారు చిరునామా కూడా ఉండాలి. ఇక ఊరగాయ పార్సెలుకు నూనెచెమ్మ పెద్ద శత్రువు. వేడితో మూతి అతికించిన సంచిలో ఊరగాయ, ఆ సంచి సీసాలో, సీసా అట్టపెట్టెలో, మధ్యలో నలిపిన కాగితం. ఒక్క సీసా కారి పక్క పార్సెలులోని చీర పాడైతే ఆ నెల లాభం అందులోనే పోతుంది.

స్టార్టప్ మాట

మన ఊళ్ళ కుర్రవాళ్ళు వచ్చి 'అన్నా, ఆప్ తయారుచేస్తే స్టార్టప్ అవుతుంది కదా' అంటారు. ముప్పై ఆర్డర్లు వాట్సాప్‌లో తీసుకుని, ముప్పై ఇళ్ళకు చేరవేసి, ఎక్కడ నొప్పి పుట్టిందో చూడకుండా ఆప్ మీద డబ్బు పెట్టవద్దు. కేంద్రప్రభుత్వపు స్టార్టప్ గుర్తింపు కావాలంటే ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ, ఎల్ఎల్‌పీ (పరిమిత బాధ్యత భాగస్వామ్యం), నమోదైన భాగస్వామ్యం వంటి సంస్థగా ఉండాలి. ఒక్కడి పేరు మీద నడిచే కొట్టుకు అది రాదు. అలాంటి కొట్టుకు చిన్న వ్యాపారాల కోసం ఉన్న ఉద్యమ్ నమోదు సరిపోతుంది, అది ప్రభుత్వ సైటులో పూర్తిగా ఉచితం. అదే పేరు పోలికతో సైట్లు పెట్టి రెండువేలో మూడువేలో వసూలు చేసేవారున్నారు, జాగ్రత్త. కంపెనీగా ఎదిగే ఆలోచన నిజంగా ఉన్నవారు భువనేశ్వర్‌లోని స్టార్టప్‌ల కేంద్రం ఓ-హబ్‌కు ఒకసారి వెళ్ళి, రాష్ట్రప్రభుత్వపు స్టార్టప్ ఒడిశా వారితో మాట్లాడి రావచ్చు.

చివరకు ప్రకటనలు

పై పనులన్నీ అయ్యాక, కేటలాగులో ధరలు ఉండి, ప్రశ్నకు గంటలోపు జవాబిచ్చే మనిషి ఉన్నప్పుడే ప్రకటనకు డబ్బు కట్టాలి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో పోస్టు కింద కనిపించే బూస్ట్ బొత్తాం నొక్కడం తేలిక, కాని ఎవరికి చూపించాలో వివరంగా ఎంచుకోవాలంటే వాటి ప్రకటనల సాధనమైన యాడ్స్ మేనేజర్ వాడాలి. ఊరి చుట్టూ వలయం గీసేటప్పుడు గుర్తుంచుకోండి, ఆ వలయానికి రాష్ట్ర సరిహద్దు తెలియదు. పర్లాకిమిడి చుట్టూ గీస్తే ఆంధ్రలోని పాతపట్నం, మెళియాపుట్టి కూడా అందులో పడతాయి. పన్ను నమోదు లేక ఒడిశాలోనే అమ్మేవారు అటువైపు ఊళ్ళను మినహాయించాలి. రెండు వైపులా అమ్మగలిగినవారు ఒకే ప్రకటనను అందరికీ చూపకుండా, తెలుగు ప్రకటన ఒకటి, ఒడియా ప్రకటన ఒకటి విడివిడిగా పెడితే ఏది పని చేస్తోందో తెలుస్తుంది.

లెక్క ఇలా వేసుకోవాలి. ఉదాహరణకు రోజుకు 200 రూపాయల చొప్పున ఏడు రోజులకు 1,400, దాని మీద 18 శాతం జీఎస్‌టీ 252, మొత్తం 1,652. ఆ వారంలో ప్రకటన చూసి ఎనిమిది ఆర్డర్లు వచ్చాయనుకుందాం, ఒక్కో ఆర్డరుకు 206 రూపాయలు పైన ఖర్చయినట్టు. ఆర్డరుకు లాభం 150 మాత్రమే అయితే చేతి నుంచి పోయింది. అయినా ఆ ఎనిమిది మందిలో ముగ్గురు రెండు నెలలలో ప్రకటన లేకుండానే మళ్ళీ కొంటే దాదాపు గిట్టుబాటు అయినట్టే. ఈ సంగతి లైకుల సంఖ్యలో కనిపించదు. ఆర్డర్ల పుస్తకంలో 'మా గురించి ఎలా తెలిసింది' అని ఒక గడి పెంచి, ప్రతివారినీ అడిగి రాసుకుంటేనే కనిపిస్తుంది. మా బంధువుల పుస్తకంలో ఆ గడిని మొదటి మూడు నెలలు నేనే నింపాను. అందులో రీళ్ళ కంటే పటం ఎక్కువసార్లు వచ్చింది, పటం కంటే 'మా వదిన చెప్పింది' అనేది ఎక్కువసార్లు వచ్చింది. ఆ తరువాత వాళ్ళు ప్రకటన సొమ్ములో సగం తీసి, ప్రతి పార్సెలులో వదినగారికి ఇమ్మని ఒక చిన్న అప్పడాల పొట్లం పెట్టడం మొదలుపెట్టారు.